ఏసీ కంపెనీ మీద సైట్ నడుపుతున్నా, 5 కోట్లకి లాయర్ నోటీసొచ్చింది, ఏం చెయ్యమంటారు?

ఉప్పుగాలి | శనివారం రాత్రి 11:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గాని రాసింది తక్కువ, ఇవాళ రాయక తప్పట్లేదు, కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

మాది లాసన్స్ బే కాలనీ, రెండో అంతస్తు, బాల్కనీలో నిలబడితే సముద్రం కనపడదు గాని వాసనొస్తుంది. 2022 మేలో ద్వారకానగర్‌లో ఒక షోరూంలో ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీ కొన్నాం, 41,500. కంపెనీ పేరు (మోడరేటర్ తీసేశారు), పెద్ద కంపెనీయే, టీవీ పెడితే వాళ్ళ యాడే. సేల్స్ కుర్రాడు బ్రోషర్ తీసి మరీ చూపించాడు, బ్లూ కోటింగ్ సార్, ఉప్పుగాలికి ఏం కాదు సార్, బీచ్ రోడ్ వాళ్ళందరూ ఇదే పట్టుకెళ్తున్నారు సార్ అని. ఆ బ్రోషర్ ఇంకా ఉంది నా దగ్గర, మా ఆవిడ పాత పేపర్లలో కలిపి తూకానికి వేసెయ్యబోతే లాక్కున్నా.

రెండో వేసవికల్లా చల్లదనం పోయింది. ఒకాయన వచ్చి గ్యాస్ లేదు సార్ అని కొట్టి 2,800 తీసుకున్నాడు. ఐదు నెలలకి మళ్ళీ అదే పాట. 14 నెలల్లో మూడుసార్లు గ్యాస్. నాలుగోసారి వచ్చినాయన కాస్త మంచోడు, అవుట్‌డోర్ మూత విప్పి చూపించాడు, ఫిన్స్ (పల్చటి అల్యూమినియం రేకులు) మీద వేలు పెడితే అప్పడం ముక్కల్లా రాలిపోతున్నాయి. కండెన్సర్ (ఆ ఫిన్స్ ఉండే అవుట్‌డోర్ కాయిల్) మార్చాలి, 13,500 అన్నాడు. కండెన్సర్‌కి 5 ఏళ్ళ వారంటీ ఉంది కదయ్యా అంటే కస్టమర్ కేర్‌లో అడగమన్నాడు. వాళ్ళు తుప్పు అనేది వాతావరణం వల్ల వచ్చే నష్టం, వారంటీలో రాదు అన్నారు. కార్డు తీసి చూస్తే నిజమే, చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. అంటే అమ్మేటప్పుడు ఉప్పుగాలికి ఏం కాదు, పాడయ్యాక ఉప్పుగాలి మా బాధ్యత కాదు.

ఆ రాత్రే కోపంలో 900 పెట్టి డొమైన్ కొన్నా, ముందు కంపెనీ పేరు, వెనకాల బాధితులు అని. నా జాబ్ షీట్లు (టెక్నీషియన్ వచ్చినప్పుడల్లా రాసిచ్చే కాయితాలు), బ్రోషర్, వారంటీ కార్డు ఫొటోలు పెట్టి మీకూ ఇలా అయ్యిందా అని ఒక ఫారం పెట్టా. నలుగురో ఐదుగురో వస్తారనుకున్నా. 8 నెలల్లో 146 వచ్చాయి. సగం దగ్గర దగ్గర మన వైజాగే, మిగతావి భీమిలి, కాకినాడ, శ్రీకాకుళం, పూరీ నుంచి కూడా ఒకాయన రాశాడు.

నిన్న ఢిల్లీ లాయర్ల నుంచి రిజిస్టర్డ్ పోస్టు, 11 పేజీలు. 15 రోజుల్లో సైట్ తీసెయ్యాలి, పేపర్లో క్షమాపణ వెయ్యాలి, లేదంటే 5 కోట్ల పరువు నష్టం ప్లస్ క్రిమినల్ కేసు. నాది ప్రైవేటు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. ఆవిడకి ఇంకా చెప్పలేదు, కవరు స్కూటర్ డిక్కీలో ఉంది.


రిటైర్డ్_బాబాయ్ | రాత్రి 11:58

ముందు ఆ సైట్ మూసెయ్యండి నాయనా, తర్వాత మాట్లాడుకుందాం. 33 ఏళ్ళు బ్యాంకులో చేశాను, పెద్ద కంపెనీల లీగల్ వాళ్ళు ఎలా ఉంటారో చూశాను, వాళ్ళకి నెల జీతం వచ్చేది ఇందుకే. మీకు రోజు సెలవు పెడితే జీతం కట్. 13,500 పోతే పోయింది.


సర్వర్_సుబ్బు | రాత్రి 12:11

బాబాయ్ గారూ మూసేస్తే తప్పు ఒప్పుకున్నట్టు అవదా. ఉప్పుగాలి గారూ, ఏం చేసినా చెయ్యకపోయినా ఈ రాత్రికి మాత్రం మొత్తం సైట్, డేటాబేస్ బ్యాకప్ తీసి పెన్ డ్రైవ్‌లో పెట్టండి, ఫారంలో జనం ఎక్కించిన ఒరిజినల్ ఫొటోలతో సహా. కంపెనీ వాళ్ళు హోస్టింగ్ వాడికి మెయిల్ కొడితే వాడు మిమ్మల్ని అడక్కుండా ఆపేస్తాడు, వాడికి మీ 900 కంటే వాడి తలనొప్పి ఎక్కువ.


ఏయూ_గేటు | రాత్రి 12:15

5 కోట్లా 😂 ఒకటిన్నర టన్నుకి


నల్లకోటు_జూనియర్ | ఆదివారం ఉదయం 7:30

నేను ఇంకా జూనియర్నే, నా మాటే ఆఖరి మాట అనుకోకండి, ఒక సీనియర్‌ని కలవండి. కానీ కంగారు తగ్గడానికి కొన్ని.

5 కోట్లు అని నోటీసులో రాసుకోడానికి పైసా ఖర్చు లేదు. నిజంగా దావా వెయ్యాలంటే అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి. అందుకే నోటీసులో కోట్లు ఉంటాయి, దావా దగ్గరకొచ్చేసరికి అంకె దిగుతుంది. అలాగని నోటీసుని చెత్తబుట్టలో వెయ్యకండి, జవాబు ఇవ్వాలి, గడువులోపే ఇవ్వాలి.

క్రిమినల్ అంటే పోలీసులు ఇంటికొస్తారనుకోకండి. ఇదివరకు ఐపీసీ 499, 500, ఇప్పుడు 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 356. రెండేళ్ళ దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ అని కొత్తగా చేర్చారు. కానీ ఇది నాన్ కాగ్నిజబుల్, అంటే పోలీసులు తమంతట తాము కేసు పెట్టి అరెస్టు చెయ్యలేరు, కంపెనీవాళ్ళే మేజిస్ట్రేట్ దగ్గర ప్రైవేటు కంప్లైంట్ వేసుకోవాలి. పోస్టు పెడితే అరెస్టు చేసే ఐటీ చట్టం 66ఏ ఉండేది, దాన్ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది.

రాసింది నిజమైతే సివిల్‌లో అది పూర్తి జవాబు. క్రిమినల్‌లో నిజం అయితే చాలదు, పదిమందికీ పనికొచ్చేదై కూడా ఉండాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న, నోటీసులో మీ సైట్‌లోంచి ఏ ఏ వాక్యాలు ఎత్తి చూపించారు? అవి మాత్రమే ఇక్కడ పెట్టండి, కంపెనీ పేరు లేకుండా.


ఉప్పుగాలి | ఉదయం 9:05

7 వాక్యాలు ఉన్నాయి. టైపు చేస్తుంటే నాకే సిగ్గేసింది.

దొంగల కంపెనీ (ఇది నాది, హోమ్ పేజీ హెడ్డింగ్). జనం రక్తం తాగుతున్నారు (నాదే). టెక్నీషియన్లు కావాలనే వాల్వ్ వదులు చేసి గ్యాస్ లీక్ చేసి వెళ్తారు (కామెంట్, ఎవరో పెట్టారు, నేను దాన్ని పైకి పిన్ చేశా). ఎండీ గారిని జైల్లో పెట్టాలి (కామెంట్). ఈ ఏసీలు పేలిపోతాయి (కామెంట్). ఇంకో రెండు బూతులు, ఇక్కడ రాయను.


నల్లకోటు_జూనియర్ | ఉదయం 9:20

జాబ్ షీట్ల గురించి?


ఉప్పుగాలి | ఉదయం 9:31

ఒక్క ముక్క లేదు. 11 పేజీలూ మళ్ళీ చదివా. గ్యాస్ మూడుసార్లు కొట్టిన సంగతి గాని, బ్రోషర్ గాని, ఫిన్స్ ఫొటోలు గాని ఎక్కడా అబద్ధం అనలేదు.


నల్లకోటు_జూనియర్ | ఉదయం 9:40

మరి చూశారా. వాళ్ళు పట్టుకున్నది మీ కోపాన్ని, మీ కాయితాల్ని ముట్టుకోలేదు. దొంగలు అన్నారు, రేపు కోర్టులో ఏ దొంగతనం, ఏ సెక్షన్, ఎఫ్ఐఆర్ ఏది అంటే ఏం చూపిస్తారు? అదే 14 నెలల్లో మూడుసార్లు గ్యాస్ కొట్టారు, ఇవిగో షీట్లు, ఇవిగో తేదీలు అంటే వాళ్ళ లాయర్ ఏం అడగాలి? ఆ 7 వాక్యాలూ ఇవాళే తీసెయ్యండి. తీసే ముందు స్క్రీన్‌షాట్ తీసుకుని, ఫలానా తేదీన తీసేశాం అని జవాబులో రాయిద్దాం.

ఇంకోటి, వాళ్ళు ఢిల్లీలో గాని ఇక్కడ గాని దావా వేసి మీరు లేకుండానే స్టే తెచ్చుకునే ప్రమాదం ఉంది. రెండు చోట్లా కేవియట్ అనే ముందస్తు అర్జీ వేసుకోండి, 90 రోజులు పనిచేస్తుంది, ఆలోపు మిమ్మల్ని వినకుండా ఆర్డర్ ఇవ్వరు. 2024 మార్చిలో ఒక వార్తా సంస్థ కేసులో సుప్రీంకోర్టు కూడా గట్టిగానే చెప్పింది, విచారణ కాకుండానే రాసినదాన్ని తీసెయ్యమనే ఆర్డర్లు అలవోకగా ఇవ్వొద్దని.


రిటైర్డ్_బాబాయ్ | ఉదయం 10:02

ఈ అబ్బాయి చెప్పింది బావుంది. రాత్రి నేను తొందరపడ్డాను. అయినా క్షమాపణ వెయ్యమంటే వేసెయ్యండి, పోయేదేముంది.


సర్వర్_సుబ్బు | ఉదయం 10:30

సైట్ తెరిచి చూశా అన్నా. నిజం చెప్పనా, మొదటి చూపులో కంపెనీ సైటే అనుకున్నా. అదే నీలం రంగు, అదే లోగో, కింద కొంచెం వంకరగా బాధితులు అని. మా అమ్మకి చూపిస్తే సర్వీస్ బుక్ చెయ్యడం ఎక్కడరా అంది.

ఇది చిన్న విషయం కాదు. కెనడాలో ఒక ప్రొఫెసర్ గారు, మాంట్రియల్, మెక్‌గిల్ యూనివర్సిటీ. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ మీద 1997లో ఇలాంటి సైటే పెట్టాడు, వాళ్ళ పేరులో ఐ, టీ అక్షరాలు రెండూ అటూ ఇటూ మార్చి అన్‌టైడ్ అని. ఏళ్ళ తరబడి వేల ఫిర్యాదులు పోగేశాడు. 2012లో కంపెనీ కేసు వేసింది, 2017లో అక్కడి ఫెడరల్ కోర్టులో ఆయన ఓడిపోయాడు. ఎందుకు? తిట్టినందుకు కాదు, కంపెనీ లోగో, సైట్ డిజైన్ అచ్చం వాళ్ళదిలాగే వాడినందుకు, ట్రేడ్‌మార్క్, కాపీరైట్. అమెరికాలో దానికి అడ్డంగా ఒకటుంది, 1998లో ఒక జిమ్ కంపెనీ లోగో మీద సక్స్ (ఉత్త చెత్త) అని రాసి సైట్ పెట్టినాయన గెలిచాడు, ఎందుకంటే అది చూసి ఎవడూ జిమ్ వాళ్ళ సైటే అనుకోడు అని కోర్టు అంది.


నల్లకోటు_జూనియర్ | ఉదయం 10:52

మన దగ్గర కూడా ఉంది. ఒడిశాలో ధామ్రా పోర్టు వల్ల తాబేళ్ళకి ముప్పని గ్రీన్‌పీస్ వాళ్ళు ఆన్‌లైన్ గేమ్ చేశారు, టాటా లోగోతో, ప్యాక్‌మ్యాన్ మాదిరి. టాటా సన్స్ ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళి ఆపమంది, 2011 జనవరిలో కోర్టు ఇంజంక్షన్ ఇవ్వనంది. విమర్శ కోసం పేరు వాడుకోవడం వేరు, సరుకు అమ్ముకోడానికి వాడుకోవడం వేరు. కాబట్టి పేరు ఉంచుకోవచ్చు, పేరు లేకుండా ఎవరి గురించో ఎలా చెప్తాం. లోగో, రంగు మార్చెయ్యండి, మాకూ కంపెనీకీ సంబంధం లేదని పైనే పెద్ద అక్షరాల్లో వెయ్యండి. ఆ వంకర లోగోతో మీకొచ్చే లాభం ఏమీ లేదు కూడా.


ఉప్పుగాలి | మధ్యాహ్నం 1:15

తెల్ల బ్యాక్‌గ్రౌండ్, నల్ల అక్షరాలు చేసేశా. చూడ్డానికి పెళ్ళి కార్డు వెనకవైపులా ఉంది, పర్లేదు. హెడ్డింగ్ కూడా మార్చా, కండెన్సర్ తుప్పు ఫిర్యాదులు, తేదీలతో, అని.

ఆవిడకి చెప్పేశా. నాలుగు చివాట్లు పెట్టి, ముందే చెప్తే 11 పేజీలూ నేను చదివి పెట్టేదాన్ని కదా అంది.


వ్యాపారి_వైజాగ్ | సాయంత్రం 4:40

నేను ఎలక్ట్రానిక్స్ డీలర్ని, ఈ కంపెనీవి కూడా అమ్ముతాను, దాచేది ఏం లేదు. అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి అడుగుతున్నా. ఆ 146లో బిల్లు చూపించినవాళ్ళెంతమంది సార్? ఇంకో మాట, మీ సైట్ తెరవగానే పైన ఇంకో కంపెనీ ఏసీ యాడ్ వస్తోంది. ప్రజాసేవ అంటూ పోటీ కంపెనీ యాడ్ డబ్బులు తీసుకుంటున్నారా?


ఉప్పుగాలి | సాయంత్రం 5:10

సార్ అది గూగుల్ వాడు తనంతట తనే వేస్తాడు, ఏసీల పేజీ కదా అని ఏసీ యాడ్ వేశాడు, 8 నెలల్లో నాకొచ్చింది మొత్తం 1,140 రూపాయలు, హోస్టింగ్‌కి కూడా చాలలేదు. కానీ మీరన్నది కరెక్టే, చూసేవాడికి అలాగే కనపడుద్ది. యాడ్స్ ఇప్పుడే తీసేశా.

బిల్లులు, నిజం చెప్తున్నా, అడగలేదు.


నల్లకోటు_జూనియర్ | సాయంత్రం 5:25

వ్యాపారి గారికి థాంక్స్ చెప్పండి. ఇదే ప్రశ్న వాళ్ళ లాయర్ క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగితే గుడ్ ఫెయిత్, అంటే మంచి ఉద్దేశంతోనే రాశాం అనే మాట గంగలో కలిసేది.


సర్వర్_సుబ్బు | సోమవారం రాత్రి 10:50

అన్న నాకు లాగిన్ ఇచ్చాడు, లాగ్స్ చూశా. 9 ఫిర్యాదులు ఒకే ఐపీ (ఇంటర్నెట్ కనెక్షన్ నెంబర్) నుంచి, ఒకే సాయంత్రం, రెండేసి నిమిషాల తేడాతో. ఊళ్ళు వేరు, పేర్లు వేరు, కానీ తొమ్మిదింట్లోనూ కంప్రెసర్‌ని కంప్రెజర్ అనే రాశాడు మహానుభావుడు. ఎవరో గిట్టనోడు కూర్చుని కొట్టినవి. అవి తీసేశాం. మిగతా అందరికీ బిల్లు లేదా జాబ్ షీట్ పంపమని మెయిల్ పెట్టాం, 10 రోజుల్లో పంపకపోతే దాచేస్తాం.

చట్టం సంగతి కూడా ఒకటి. జనం పెట్టిన కంప్లైంట్లకి మనం ఉత్త వేదిక మాత్రమే అయితే ఐటీ చట్టం 79 కింద కొంత రక్షణ ఉంది, ఆ 2015 తీర్పులోనే కోర్టు ఆర్డరో ప్రభుత్వ నోటిఫికేషనో వస్తేనే తీసెయ్యాల్సిన బాధ్యత అని కూడా చెప్పారు. కానీ మనం అందులో మాటలు మార్చినా, మనకి నచ్చినవి ఏరి పెట్టినా ఆ గొడుగు కింద నిలబడ్డం కష్టం. అన్న ఆ వాల్వ్ కామెంట్‌ని పిన్ చేశాడు చూడండి, అక్కడ అది ఎవడిదో కామెంట్ కాదు, అన్నదే అయిపోయింది.


టూల్‌కిట్ | సోమవారం రాత్రి 11:35

నాను ఈ పోస్టు కోసమే కొత్తగా ఐడీ తీసినాను. నాను ఆ కంపెనీ ఫ్రాంచైజీలోనే టెక్నీషియన్ని సార్. గోపాలపట్నం నుంచి భీమిలి దాకా మాదే.

మీ సైట్ మా కుర్రోళ్ళందరం సూస్తాం. మీరు రాసింది తప్పు అన్ను. కండెన్సర్ ఎలగ పోతాదో నాకు తెలీదా, పైపులు రాగి, ఫిన్స్ అల్యూమినియం, మజ్జిలో ఉప్పు తడి చేరిందంటే రెండు లోహాలూ కొట్టుకుని అల్యూమినియం తినేస్తాది. బీచ్ వైపు గోడకి ఎట్టిన అవుట్‌డోరు మూడేళ్ళు ఆగితే దండం ఎట్టాల. గ్యాస్ కొట్టే ముందు సబ్బు నీళ్ళు నురగ చేసి జాయింట్లకి, కాయిల్‌కీ పుయ్యాల, బుడగ ఎక్కడ లేస్తే అక్కడ లీకు. ఆ బుడగ ఒక్కోసారి ఆవగింజంత, లేచి పేలి మళ్ళీ లేవడానికి నిమిషం పడతాది, అంత సేపు కూర్చుని సూడాల. మాకు కాల్‌కి ఇంత అని లెక్క, రోజుకి ఎనిమిది కాల్స్, ఎవడు కూర్చుంటాడు సార్. గ్యాస్ కొట్టేసి ఎల్లిపోతాం. అది తప్పే. కానీ వాల్వ్ కావాలని వదులు సేస్తాం అన్నారు సూడండి, ఆ మాటకి మా ఇంట్లోవాళ్ళు కూడా నన్ను అడిగినారు, నువ్వూ అలాగే సేస్తావా అని.

ఇంకోటి సెప్పాల. మీరెట్టిన జాబ్ షీట్ ఫొటోల్లో మా వోళ్ళ పేర్లు, ఫోన్ నెంబర్లు అలాగే ఉన్నాయి. ఒక కుర్రోడికి రాత్రి రెండింటికి ఫోన్లు చేసి అమ్మనా బూతులు తిట్టినారు. వాడికి 22 ఏళ్ళు. నెంబరు మార్చేసినాడు, పాత నెంబరు మీద ఉన్న కస్టమర్లందరూ పోయినారు. కంపెనీ ఎండీ నెంబరు లేదు గాని మా వోడి నెంబరుంది మీ సైట్‌లో.


ఉప్పుగాలి | రాత్రి 11:52

తమ్ముడూ ఏం చెప్పాలో తెలీట్లేదు. ఇప్పుడే అన్ని షీట్లూ దించేశాను. పేర్లు, నెంబర్లు, అడ్రసులు నల్లగా పూసి మళ్ళీ ఎక్కిస్తాను, ఎన్ని రోజులు పట్టినా సరే. ఆ అబ్బాయికి నా తరఫున సారీ చెప్పండి, తను ఒప్పుకుంటే నేనే వచ్చి చెప్తా.


టూల్‌కిట్ | రాత్రి 11:58

సెప్తాను సార్. వాడు రమ్మంటే సెప్తాను.


మధురవాడ_లక్ష్మి | మంగళవారం మధ్యాహ్నం 2:20

పిల్లలు స్కూల్నుంచి వచ్చేలోపు రాసేస్తా. సైట్ సంగతి నాకు తెలీదు గాని వినియోగదారుల కమిషన్ సంగతి తెలుసు, వాషింగ్ మెషీన్ మీద వేసి గెలిచాను, వేరే కంపెనీ, లాయర్ కూడా లేదు, నేనే వాదించుకున్నా.

ఉప్పుగాలి గారూ ఇన్నాళ్ళూ సైట్ పెట్టారు గాని అసలు కేసు వెయ్యలేదు కదా? అదే నాకు అర్థం కాలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్ళోనే వేసుకోవచ్చు, కంపెనీ ఢిల్లీలో ఉన్నా సరే. వస్తువుకి కట్టిన డబ్బు 50 లక్షల దాకా జిల్లా కమిషనే, 5 లక్షల లోపయితే ఫీజు సున్నా. ఆన్‌లైన్‌లోనే, ఇదివరకు ఈ-దాఖిల్ ఉండేది, 2025 జనవరి 1 నుంచి ఈ-జాగృతి అని పేరు. నేను ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ రాయించా, వాళ్ళు కంపెనీకి పంపారు, కంపెనీ వారంటీ పరిధిలో లేదు అని రాతపూర్వకంగా జవాబిచ్చింది. ఆ జవాబే నాకు పెద్ద సాక్ష్యం అయ్యింది, అప్పటిదాకా అన్నీ ఫోన్ మాటలే.

చట్టంలో 3 నెలలు, టెస్టింగ్ కావాలంటే 5 నెలలు అని ఉంటుంది గాని నాకు 14 నెలలు పట్టింది, వాళ్ళ లాయర్ వాయిదాల మీద వాయిదాలు. జవాబు వెయ్యడానికి వాళ్ళకి 30 రోజులు, మహా అయితే ఇంకో 15, దాటితే గట్టిగా అడ్డు చెప్పండి, నేను మొదట్లో మొహమాటపడి ఊరుకున్నా. చివరికి మెషీన్ డబ్బు, పైన 10 వేలు ఇమ్మన్నారు. చెక్కు వచ్చిన రోజు పూర్ణా మార్కెట్‌కెళ్ళి రుబ్బురోలు కొనుక్కున్నా, ఇక మెషీన్లు వద్దు అని 😀


నల్లకోటు_జూనియర్ | మధ్యాహ్నం 3:05

లక్ష్మి గారు నా ఫీజు పోగొట్టేశారు. ఆవిడ చెప్పిందానికి మూడు చేర్పులు. కేసుకి రెండేళ్ళ గడువు, వారంటీలో చెయ్యం అని తిరస్కరించిన తేదీ పక్కాగా కాయితం మీద ఉండాలి, ఇక ఆలస్యం వద్దు. వారంటీలో ఆ చీమ అక్షరాల క్లాజు అన్యాయమైన కాంట్రాక్టు అని హెడ్డింగ్ పెట్టకండి, ఆ పేరుతో అడిగితే అది స్టేట్ కమిషన్ పరిధి, జిల్లాలో తిప్పి పంపుతారు. సేవా లోపం, తప్పుదోవ పట్టించే ప్రకటన, ఈ రెండే. రెండోదానికి మీ బ్రోషరే ప్రాణం. తూకానికి వెయ్యనివ్వనందుకు మీకు దండం.

అందరూ కలిసి ఒకే కేసు వెయ్యొచ్చా అని మెసేజుల్లో అడుగుతున్నారు. కమిషన్ అనుమతితో వెయ్యొచ్చు, కానీ అందరి సమస్యా ఒకటే అని చూపించాలి. ఒకరికి కాయిల్, ఒకరికి పీసీబీ (సర్క్యూట్ బోర్డు), ఒకరికి డెలివరీ లేటు అయితే కుదరదు. ఆ జాబితా నుంచి కండెన్సర్ తుప్పు వరకే వేరు చెయ్యండి.


ఉప్పుగాలి | పదకొండు రోజుల తర్వాత, రాత్రి 9:15

అప్‌డేట్. జవాబు వెళ్ళింది, కేవియట్లు పడ్డాయి. బిల్లులు వచ్చాక 146 కాస్తా 88 అయ్యింది. మొదట బాధేసింది, తర్వాత చూస్తే ఆ 88లో 71 కండెన్సర్ తుప్పే. 71 షీట్లూ తేదీల వారీగా పెడితే ఒకటి కనపడింది, దాదాపు అందరికీ రెండో ఏడాదికీ మూడో ఏడాదికీ మధ్యే మొదటి గ్యాస్. 146 కలగాపులగంగా ఉన్నప్పుడు ఇది కనపడనే లేదు.

అసలు విషయం వేరే. ఇవాళ కంపెనీ రీజనల్ ఆఫీసు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు, చాలా మర్యాదగా మాట్లాడాడు. మీకు కొత్త ఏసీ ఇచ్చేస్తాం సార్, ఇప్పుడున్న మోడల్, ఇన్‌స్టాలేషన్ ఫ్రీ, నోటీసు వెనక్కి తీసుకుంటాం, మీరు సైట్ మూసి డొమైన్ మాకు రాసిచ్చేసి ఇక ఎక్కడా మాట్లాడనని సంతకం పెట్టండి అని.

బయట ఎండలు మీకు తెలుసు. పిల్లలిద్దరూ హాల్లో తడి తువ్వాలు కప్పుకుని పడుకుంటున్నారు.


రిటైర్డ్_బాబాయ్ | రాత్రి 9:22

తీసుకోండి.


ఏయూ_గేటు | రాత్రి 9:24

తీసుకుంటే మిగతా 70 మంది?


రిటైర్డ్_బాబాయ్ | రాత్రి 9:31

ఆ 70 మంది ఇతని పిల్లలకి విసనకర్ర విసురుతారా? ఎవరి కేసు వాళ్ళు వేసుకుంటారు. ఉచిత సలహాలు ఇవ్వడం తేలిక బాబూ.


వ్యాపారి_వైజాగ్ | రాత్రి 9:50

నేను అమ్మేవాణ్ణే అయినా చెప్తున్నా, కొత్తది కూడా అదే కాయిల్. అదే గోడకి పెడితే మూడేళ్ళకి మళ్ళీ మీరు ఇక్కడే పోస్టు పెడతారు. అప్పుడు సైట్ కూడా ఉండదు, పెడదామన్నా సంతకం అడ్డం.


మధురవాడ_లక్ష్మి | రాత్రి 10:05

మీ ఆవిడేమంటున్నారు?


ఉప్పుగాలి | రాత్రి 10:40

ఆవిడే తేల్చింది. ఆయనకి మళ్ళీ ఫోన్ చేసి స్పీకర్లో పెట్టి, సార్ మాకు కొత్తది వద్దు, వారంటీ ప్రకారం కండెన్సర్ మార్చండి, మారిస్తే మా ఫిర్యాదు కింద ఫలానా తేదీన పరిష్కరించారు అని మా సైట్లోనే రాస్తాం, మిగతా 70 మందివీ మార్చండి, వాళ్ళ కింద కూడా రాస్తాం, సైట్ మీకే మంచి పేరు తెస్తుంది అంది. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. పైవాళ్ళతో మాట్లాడి చెప్తానమ్మా అన్నాడు.

కేసు మాత్రం రేపు ఎక్కించేస్తున్నాం, 1915 జవాబు కూడా వచ్చింది, తుప్పు వారంటీలో రాదు అని వాళ్ళ లెటర్‌హెడ్ మీదే.


టూల్‌కిట్ | తొమ్మిది రోజుల తర్వాత, సాయంత్రం 6:10

సార్ లోపల మాట ఒకటి. లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు 12 అడ్రసులకి కండెన్సర్లు ఫ్రీగా మార్చమని ఆర్డరొచ్చింది, గుడ్‌విల్ (మంచితనం కొద్దీ సేస్తన్నాం) అని రాసినారు, వారంటీ అని రాయలేదు. మీది కూడా ఉంది, ఎల్లుండి వస్తారు. ఒకటి గుర్తెట్టుకోండి, పాత కాయిల్ మాత్రం ఇవ్వకండి. స్క్రాప్‌కి తీసుకెళ్ళాల సార్ అంటారు, నాకైనా అలాగే సెప్పమని సెప్పినారు. ఇవ్వకండి.


నల్లకోటు_జూనియర్ | సాయంత్రం 6:18

అస్సలు ఇవ్వకండి. గుడ్‌విల్ అని రాసిన కాయితం మీద కూడా నా హక్కులు వదులుకోకుండా తీసుకుంటున్నాను అని రాసి సంతకం పెట్టండి. కాయిల్ మీద సీరియల్ నెంబర్ స్టిక్కర్ ఉంటే ఇవాళ్టి పేపర్ పక్కన పెట్టి ఫొటో తియ్యండి. కమిషన్ ల్యాబ్ టెస్టుకి పంపమంటే అదొక్కటే ఉంటుంది మన దగ్గర.


ఉప్పుగాలి | రెండు రోజుల తర్వాత, రాత్రి 8:30

మార్చి వెళ్ళారు. వచ్చినవాళ్ళలో ఒకడు ఆ 22 ఏళ్ళ అబ్బాయే. నేను సారీ చెప్తుంటే తల ఊపి, నిచ్చెన పట్టుకోండి సార్ అన్నాడు, పట్టుకున్నా. బ్రేజింగ్ (పైపులు అతకడం) అయ్యాక సబ్బు నురగ పూసి పది నిమిషాలు కదలకుండా కూర్చుని చూశాడు, ఒక్క బుడగ లేవలేదు. మా ఆవిడ మజ్జిగ ఇస్తే రెండు గ్లాసులు తాగాడు.

పాత కాయిల్ అడిగారు, ఇవ్వలేదు. గోనె సంచిలో కట్టి మంచం కింద పెట్టాం, తుప్పు పొడి రాలకుండా కింద ఆ 11 పేజీల నోటీసు జిరాక్స్ పరిచింది ఆవిడ. మా ఎంట్రీ కింద తేదీ వేసి రాశాను, కండెన్సర్ మార్చారు, గుడ్‌విల్ అన్నారు, వారంటీ అనలేదు అని. ఇంకా 59 మిగిలాయి. మొదటి వాయిదా వచ్చే నెల 17.